బోర్లించి చూడు

గులాబీలు తర్వాత చూడొచ్చు గ్యారెత్,
ముందా తెల్ల గ్లవ్స్ తీసి
ప్లేటు బోర్లించు.
కంపెనీ కిరీటం కాదు, దాని కింద, అంచు దగ్గర,
మూడు చుక్కలు, ఎడమకి వాలిన తోక.
గోటితో తడుము. తగిలిందా?
అది థర్జా మౌంట్‌ఫర్డ్.

అక్షరం కాదది. కళ అని కూడా రాయకు.
బర్స్‌లెమ్‌లో, సీసాల్లా నిలబడ్డ బట్టీల పొగ కింద,
ఎనిమిదిమందిమి ఒకే బల్ల.
ఎవరివి ఎన్ని ప్లేట్లో శుక్రవారం గుమాస్తా లెక్కపెట్టాలిగా,
అందుకు తలా ఒక గుర్తు.
నాది తలకిందులైన కామా.
హెస్టర్‌ది ఒట్టి సున్నా, బద్ధకస్తురాలు.
మా అమ్మకి సంతకం రాదు,
చర్చి పుస్తకంలో పెళ్ళినాడు ఇంటూ గుర్తు గీసింది.
నేను చేసిందీ అదే,
కాకపోతే కొన్ని వేలసార్లు, ఎర్రరంగుతో.

థర్జాది ఎడమచెయ్యి.
ఉడుత వెంట్రుకల కుంచె నిండా ముంచి
ఓ పక్కగా నొక్కి
ఒక్క విసురులో రేకు వేసేది,
ముదురూ లేతా ఒకే గీతలో.
మాట్లాడుతూనే వేసేది. సగం బూతులు.

ఆ ఏడు మార్చిలో దగ్గు పట్టింది.
ఏప్రిల్‌కి స్టూలు ఖాళీ.
ఇంట్లో తల్లి, బొగ్గుగనిలో కాలు పోయిన తండ్రి.
ముందు ఎవరన్నారో గుర్తులేదు,
నేను మాత్రం కాదు, నాకంత ధైర్యం లేదు:
"రోజుకి తలా మూడు."

అంతే.
రోజుకి తలా మూడు ప్లేట్ల కింద
మా గుర్తు మింగేసి ఆమె గుర్తు వేశాం.
గుమాస్తా మేడ దిగి రాడు,
లెక్కపెట్టేది గుర్తుల్ని, చేతుల్ని కాదు.
చేతివాటం అంటారే,
పనితనానికీ దొంగతనానికీ
ఎవరు పెట్టారో గానీ ఒకటే మాట.

కష్టం గులాబీతో కాదు,
ఆ తోకతో.
నా కుడిచెయ్యి ఎడమకి వాలనంటుంది.
పాత న్యూస్‌పేపర్ల మీద, కిటికీ ఆవిరి మీద,
రొట్టె మీది వెన్నలో కత్తి కొసతో,
నిద్రపోతున్న మా ఆయన వీపు మీద వేలితో
అదే గీసుకున్నాను.
ఎవరి రాతో నేర్చుకుంటుంటే
వాళ్ళ మణికట్టు మన మణికట్టులోకి వస్తుంది.
చలిగా ఉండేది.

మూడో వారం మిసెస్ టన్నిక్లిఫ్,
హాజరు పుస్తకం ఆమె దగ్గరే ఉండేది,
ఒక ప్లేటెత్తి కిటికీ వెలుగులో పట్టింది.
ఏడు కుంచెలు ఆగిపోయాయి.
టర్పెంటైన్ వాసన కూడా ఆగినట్టనిపించింది.
"థర్జా చెయ్యి ఈ మధ్య బిగుసుకుంటోంది,
కాస్త వదులుగా వెయ్యమనండి"
అని దొంతర మీద పెట్టి వెళ్ళిపోయింది.

పదకొండు వారాలు.
పోయింది మంగళవారం.
ఆ శుక్రవారం కూడా
నూటఐదు ప్లేట్లు వేసింది థర్జా.
శవపేటిక ఖర్చుంటుందిగా.

తర్వాత అచ్చు కాయితాలొచ్చాయి.
నీళ్ళలో తడిపితే గులాబీ జారి ప్లేటెక్కుతుంది.
అన్నీ అచ్చుగుద్దినట్టే, అచ్చే కదా మరి.
తిట్టను. నా మనవరాలింట్లో అవే,
డిష్‌వాషర్‌లో వేసినా చెక్కుచెదరవు.
ఈ కళ్ళు ఇంకా ఉన్నాయంటే వాటి చలవే అనుకో.
అయితే ఒకటి,
రబ్బరు స్టాంపుని బతిమాలలేం
ఇవాళొక్క పూట
ఇంకొకరి పేరు మొయ్యమని.

ఏది ఆమెది, ఏవి మావి, రాసుకోవాలా?
తేలికే. శ్రద్ధగా ఉన్నవి మావి.
తోక ఎగిరిపోయి, ఒక చుక్క చెదిరి,
పక్కదాన్ని ఏదో అంటూ వేసినట్టుంటే, ఆమెది.

ఇదా? ఏదీ, ఇటివ్వు.
ఆ కళ్ళజోడు కూడా.

ఇది...
రాసుకోకు. దీన్నిలా ఉండనీ.
ఇంక తిప్పి పెట్టెయ్,
గులాబీలు పైకి.